కంప్యూటర్‌కు కట్టిన పోగు

మా ఖాతాలో కంప్యూటర్ ముందు కూర్చునేది నేనే. ఖాతా అంటే ఇక్కడ సూరత్‌లో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిచే షెడ్డు. నలభై ఏళ్ళు అట్లాంటి షెడ్లలో నిలబడి బట్ట నేశాను. మోకాళ్ళు ఇక నిలబడనివ్వనప్పుడు సేఠ్ నన్ను ఇంటికి పంపకుండా ఒక కుర్చీ చూపించాడు. మావాళ్ళు దాన్ని దయ అంటారు. నేను అనను. నేసిన బట్ట చూసి తప్పు ఎక్కడుందో చెప్పే కన్ను ఊరికే దొరకదని సేఠ్‌కు బాగా తెలుసు.

పని చిన్నదే. చీర అంచులో, కొంగులో పూలు తేల్చే జకార్డు పెట్టెలు సాంచాల మీద కూర్చుని ఉంటాయి. ఒక్కోదానిలో వందల హుక్కులు. ఎప్పుడు ఏ హుక్కు లేవాలో కంప్యూటర్ నుంచి తీగ మీద వెళ్తుంది. నేను డిజైన్ ఫైలు తెరిచి, సాంచా నంబరు కొట్టి, పంపాలి. ఆ పంపే పని చేసేది ఒక చిన్న ప్రోగ్రాం. మా పెట్టెలు పాతవి, ఆ ప్రోగ్రామూ పాతదే. రెంటికీ బాగా కుదిరింది.

చదువు నాకు యాభై దాటాక వచ్చింది. నవాగామ్‌లో మా గది పక్కన సాయంత్రాలు పెద్దవాళ్ళకు చెప్పేవారు, వెళ్ళి కూర్చున్నాను. నేను వేలిముద్ర వేసే కాగితంలో ఏముందో ఎదుటివాడు చెప్పిందే నమ్మాల్సి రావడం నాకు గిట్టలేదు, అందుకని. తెలుగు చదువుతాను, రాస్తాను. ఇంగ్లిష్ అక్షరాలు గుర్తుపట్టి కూడబలుక్కోగలను. ఆ మాటకు అర్థం మాత్రం ఒకసారి తెలుస్తుంది, ఒకసారి తెలియదు.

కంప్యూటర్ పెట్టింది ఒక తెలుగామె. తండ్రి రైల్వేలో చేసి రిటైరయ్యాడు, ఉధనాలో ఇల్లు. కోస్తా మనుషులు, కానీ ఆమె పుట్టి పెరిగింది ఇక్కడే. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. వీపున సంచి వేసుకుని స్కూటీ మీద తిరుగుతూ ఖాతాల్లో కంప్యూటర్లు బాగుచేస్తుంది. ఇంట్లో సంపాదన ఆమెదే. మా గల్లీలో మాదే ఆమెకు మొదటి ఖాతా. ఇక్కడ పని నిలబడితే పక్క ఖాతాలవాళ్ళు పిలుస్తారు, చెడితే గల్లీ మొత్తం పోతుంది. ఈ సంగతి ఆమే నాతో అంది, అదీ మొదటి రోజే. అన్నందుకే నాకు అనుమానం వచ్చింది. తన అవసరం ఇంత తొందరగా బయటపెట్టే మనిషి ఇంకేదో దాస్తున్నట్టు నాకనిపిస్తుంది.

ఆమె వేసిన సిస్టం కొనేది కాదట, ఊరికే దొరుకుతుందట. అది రోజూ పొద్దున ఆరు దాటాక తనంతట తానే నెట్‌లోకి వెళ్తుంది. తనలో ఉన్న ప్రోగ్రాములకు కొత్తవి వచ్చాయేమో చూస్తుంది. వస్తే తెచ్చుకుని, పాతవి తీసేసి, కొత్తవి పెట్టుకుంటుంది. అట్లా తెచ్చుకునే ఒక్కొక్కదాన్ని ప్యాకేజీ అంటారు. ఇది విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది.

"ఎవలు చెప్పిన్రు దానికి తెచ్చుకొమ్మని?" అని అడిగాను.

"ఎవరూ చెప్పక్కర్లేదు బాబాయి గారూ. దాని మంచికే. పాతవాటిలో దొంగలు దూరే కంతలుంటాయి, కొత్తవాటిలో మూసేస్తారు."

"మంచిగ నడిచేదాన్ని మార్చుడేంది? నడుస్తలేదని నేనేమన్న మొత్తుకున్ననా?"

"మిగతావన్నీ మారనివ్వాలి. ఈ సాంచా ప్రోగ్రాం ఒక్కటే మారకూడదు. కొత్తది కొత్త పెట్టెల కోసం రాశారు, అందులో హుక్కుల వరుస అటు చివర నుంచి మొదలవుతుంది. మన పెట్టెలకు అది పంపితే కుడిది ఎడమకొచ్చేస్తుంది. అందుకే దీనికి హోల్డ్ పెడుతున్నా."

"హోల్డంటే?"

"పొద్దున సిస్టం అన్నిటినీ మార్చుకుంటూ వస్తుంది కదా. దీని దగ్గరికొచ్చేసరికి హోల్డ్ ఉందని చూసి, ముట్టుకోకుండా దాటిపోతుంది."

ఈ మాట నాకు ఠక్కున ఎక్కింది. సాంచాల మీద మాకు ఒక పద్ధతి ఉంది. పడుగు పోగులు తెగితే నేసేవాడు సాంచా వెనక్కి వెళ్ళి, లోపలికి చేతులు పెట్టి అతకాలి. ముందువైపు నుంచి అతను కనపడడు. తెలియనివాడెవడైనా వచ్చి హ్యాండిల్ లాగితే చేయి పోతుంది. అందుకని వెనక్కి వెళ్ళే ముందు హ్యాండిల్‌కు ఒక పోగు కడతాం. పోగు ఉన్న హ్యాండిల్‌ను సేఠ్ కూడా ముట్టడు. కట్టినవాడే విప్పాలి.

"అంటే పోగు కట్టుడన్నట్టు" అని ఆమెకు ఇదంతా చెప్పాను.

ఆమె నవ్వింది. "అచ్చం అంతే బాబాయి గారూ!"

అచ్చం అంతే అంది. నేను గట్టిగా గుర్తుపెట్టుకున్నాను.

అయితే పోగు పద్ధతిలో రెండో సగం ఒకటుంది. అది ఆమెకు చెప్పలేదు, చెప్పాలని తోచలేదు. షిఫ్టు దిగేవాడు తన పోగు విప్పి, ఏమైందో నోటితో చెప్పి పోవాలి. పోగు ఉన్నది మనిషి చేతిని కాయడానికి. మనిషే లేనప్పుడు అది ఎవరిని కాస్తుంది? పైగా మరిచిపోయి కట్టి వెళ్తే తర్వాత షిఫ్టువాడు ముట్టడానికి భయపడి సాంచా ముందు ఊరికే కూర్చుంటాడు, అతని రోజు పోతుంది. అట్లా కట్టి ఇంటికి పోయినవాణ్ని మావాళ్ళు తల్లినీ తండ్రినీ కలిపి తిడతారు. నేను నలభై ఏళ్ళలో ఒక్కసారి తిట్లు తిన్నాను, ఇంకోసారి తినలేదు.

హోల్డ్ పెట్టేశాక ఆమె సంచి సర్దుకుంటుంటే నేను అడ్డం తగిలాను.

"మేడం, కట్టేది నువ్వే, విప్పేది నువ్వే అయితె ఎట్ల? రేపు చప్పుడు చెయ్యకుంట విప్పి పోతవ్. అది చెడిపోతది. మళ్ల నిన్నే పిలువాలె. గిదేనా నీ ధందా?"

ఆమె ముఖం ఎర్రబడింది. "అంత అనుమానమైతే తాళం మీ దగ్గరే పెట్టుకోండి."

సేఠ్ అప్పుడు అక్కడే ఉన్నాడు. నవ్వి, పాస్‌వర్డ్ కాకాకు, అంటే నాకు, ఇచ్చెయ్యమన్నాడు. ఆమె ఇచ్చింది. నా నోట్‌బుక్‌లో మూడు లైన్లు రాయించుకున్నాను. ఒకటి హోల్డ్ కట్టేది, రెండోది విప్పేది, మూడోది ఏవేవి కట్టి ఉన్నాయో చూసేది. చూసేదానికి పాస్‌వర్డ్ అక్కర లేదు. రోజూ పొద్దున కుర్చీలో కూర్చోగానే మూడో లైన్ కొట్టేవాణ్ని. తెర మీద ఒకే ఒక పేరు వచ్చేది, సాంచా ప్రోగ్రాం పేరు. ఉందంటే టీ తాగేవాణ్ని.

ఆమె ఎప్పుడైనా ప్రింటర్ చూడ్డానికో మౌస్ మార్చడానికో వస్తే కుర్చీ జరుపుకుని ఆమె వేళ్ళు కనపడేట్టు కూర్చునేవాణ్ని.

"జర మెల్లగ కొట్టు. ఏం కొడుతున్నవో నేను చదువుకోవాలె."

"నేనేమన్నా బ్యాంకు తిజోరీ తెరుస్తున్నానా బాబాయి గారూ?"

"తిజోరైతె పోలీసోడు చూసుకుంటుండె. గిది నేనే చూసుకోవాలె గద."

ఇట్లా ఏడాది నడిచింది. ప్రోగ్రాం మారలేదు, బట్ట చెడలేదు. చెల్లెలి మనవరాలి పెళ్ళికని నేను జగిత్యాల దిక్కు మా ఊరికి బయల్దేరవలసి వచ్చింది. వారం రోజులు. నా కుర్చీలో ఎవరు కూర్చోవాలన్నప్పుడు మా బావను చూపించాను. అదే ఖాతాలో సాంచాలు నడుపుతాడు. అక్షరం రాదు, కానీ ఫైలు బొమ్మ చూసి పంపడం నేర్పితే పట్టుకున్నాడు.

బయల్దేరే సాయంత్రం అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని నోట్‌బుక్ తెరిచాను.

"బావా, నేను విప్పి పోతున్న."

"గిందరి ముంగట విప్పుతవా? జర సిగ్గు పడు బావా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"హోల్డు విప్పుతున్నరా. నేను ఉండను గద, నా పోగెందుకు? నువ్వున్నన్ని రోజులు కుర్చీ నీది."

"సరే తీయ్. విప్పి పో."

రెండో లైన్ కొట్టాను. పాస్‌వర్డ్ కొట్టాను. హోల్డ్ తీసేసినట్టు తెర మీద వచ్చింది. మూడో లైన్ కొట్టి చూశాను, ఏ పేరూ లేదు. షిఫ్టు దిగే మనిషి చేయవలసినవి రెండే, పోగు విప్పడం, నోటితో చెప్పడం. రెండూ చేశాను. నిశ్చింతగా బండి ఎక్కాను.

పెళ్ళిలో భోజనాల దగ్గరున్నప్పుడు బావ ఫోన్ చేశాడు. నేను బయల్దేరి మూడో రోజు.

"బావా, ఘోరమైంది. అంచు ఉల్టా పడుతుంది. పెద్దంచు పూలన్నీ చిన్నంచు దిక్కు వచ్చి పడుతున్నయ్. ఆరు సాంచాలు బంద్ పెట్టిన."

"ఎప్పటి సంది?"

"ఇయ్యాల్నే. నిన్నటిదాంక నువ్వు పంపిన డిజైనే నడిచింది. పొద్దుగాల సేఠ్ కొత్త డిజైన్ ఇచ్చిండు, పంపిన, గిట్లయింది."

"కంప్యూటర్ ఎవలన్న ముట్టిన్రా?"

"నిన్న మేడం వచ్చింది. ప్రింటర్ చూసి పోయింది."

"గంతే. ఇగ చెప్పకు."

చేతిలో విస్తరాకు పెట్టుకునే సేఠ్‌కు ఫోన్ చేశాను. నేను లేని సమయం చూసి ఆమె పని కానిచ్చిందని చెప్పాను. మళ్ళీ తననే పిలవాలని చేసిందన్నాను. ఏడాదిగా ఆమె చేతుల మీద కన్నేసి ఉంచానని, కన్ను తీయగానే ఇట్లా అయిందని అన్నాను. సేఠ్‌కు నా మాట మీద గురి. ఆమె ఇక ఖాతాలోకి రావద్దని ఫోన్‌లో చెప్పేశాడు. గల్లీలో ఇంకో రెండు ఖాతాలవాళ్ళు ఆమెతో మాట్లాడుకుని ఉన్నారు. ఈ మాట చెవిన పడగానే వాళ్ళూ వద్దనుకున్నారు. ఒక్క పూటలో అయిపోయింది.

నేను తిరిగొచ్చి ఆ బట్ట చూశాను. పెద్దంచు కోసం ఎరుపు పడుగు పోసిన వైపు చిన్నంచు సన్న తీగ నడుస్తోంది. పెద్దంచు పూలు అవతలివైపు చిన్న పచ్చ పట్టీలో ఇమడక, చీర ఒంటి మీదికి పాకి సగం సగం తెగి ఉన్నాయి. నలభై ఏళ్ళలో ఇంత వికారమైన బట్ట చూడలేదు. ఆమె మీద కోపం ఇంకా పెరిగింది.

ఆ మధ్యాహ్నమే ఆమె ఫోన్ చేసింది.

"నేను చెడగొట్టానని మీరు చెప్పారట."

"చెప్పిన."

"నేను ఆ ప్రోగ్రాం ముట్టుకోవడం ఎవరైనా చూశారా?"

"నేను లేనప్పుడు వచ్చినవ్. తెల్లారి చెడిపోయింది. ఇంకేం చూడాలె?"

ఆమె మెల్లగా అంది. "మీరు నన్ను నమ్మొద్దు. మీకు చదవడం వచ్చు కదా, చదువుకోండి. రోజూ పొద్దున అది ఏం మార్చుకుందో, ఏది వదిలేసిందో తనే రాసిపెట్టుకుంటుంది. లాగ్ అంటారు. ఎట్లా తెరవాలో చెప్తాను, రాసుకోండి."

"నువ్వే రాసి పెట్టినవేమో అందుల."

"పెట్టానేమో! నేను వచ్చిన రోజేంటో మీకు తెలుసుగా. అక్కడే చూడండి." చెప్పవలసింది చెప్పి పెట్టేసింది.

తెరిచాను. తెర నిండా ఇంగ్లిష్. రెండు రోజులు పట్టింది నాకు. ముందు తేదీలు పట్టుకున్నాను, అంకెలు కాబట్టి అవి తేలిక. ఆ తర్వాత మా సాంచా ప్రోగ్రాం పేరు ఎక్కడెక్కడ ఉందో వెతికాను. ప్రతి పొద్దునా ఆరు దాటాక ఒకటే వరుస, దాని పక్కన అవే రెండు మాటలు. ఆ రెండు మాటల అర్థం బావను పంపి టీ కొట్టు దగ్గర చదువుకున్నవాణ్ని అడిగి రమ్మన్నాను. ఆపి ఉంచినవి అని అర్థమట. సరే. నెలల తరబడి అదే మాట. నేను ఊరికి వెళ్ళిన రోజు పొద్దున కూడా అదే. ఆ మర్నాడు పొద్దున మాట మారింది. కొత్తది వేసుకున్నట్టుంది.

వేలు పెట్టి మళ్ళీ చదివాను. ఆమె ప్రింటర్ చూడ్డానికి వచ్చింది మర్నాడే, కానీ మధ్యాహ్నం రెండు గంటలకు. వచ్చినవాళ్ళ పేరు, వేళ గేటు దగ్గరి పుస్తకంలో ఉంటుంది, వెళ్ళి అదీ చూసుకున్నాను. అప్పటికి ప్రోగ్రాం మారిపోయి ఎనిమిది గంటలు. అంతకు ముందు పొద్దున హోల్డ్ ఉంది, తర్వాత పొద్దున లేదు. మధ్యలో ఉన్నది నేను విప్పిన సాయంత్రం ఒక్కటే.

మొదట నాకు తోచింది చెప్తాను. ఈ లాగ్ సేఠ్ ఎప్పుడూ చూడడు, బావకు చదవడం రాదు. నేను నోరు మూసుకుంటే ఇది ఇక్కడే ఆగిపోతుంది. ఆ వెంటనే ఇంకొకటి తోచింది. చదువుకొమ్మని చెప్పిందే ఆమె. అందులో ఏముంటుందో ఆమెకు ముందే తెలిసి ఉండాలి. నేను చెప్తానా దాస్తానా అని చూస్తోందా? అట్లా ఆలోచించినందుకు నామీద నాకే రోత పుట్టింది. తప్పు నాదని తెలిశాక కూడా ఆమె ఏం ఎత్తు వేసిందా అనే చూస్తున్నాను.

సేఠ్ దగ్గరికి వెళ్ళాను.

"సేఠ్, ఆమె చెయ్యలేదు. పోగు విప్పింది నేను" అని హిందీలో చెప్పాను.

సేఠ్ పైకి చూడనైనా లేదు. "ఛోడో కాకా. కామ్‌రేజ్ నుంచి కంప్యూటర్ బాగుచేసే ఒకతను రేపు వస్తున్నాడు. మాట్లాడేశాను."

"అతను ఎందుకు? ఆమెను పిలువు."

అప్పుడు చూశాడు. "మొన్న నువ్వే వద్దన్నావు. ఇప్పుడు నువ్వే పిలవమంటున్నావు. మీ తెలుగు మనిషి అని మీవాళ్ళు ఎవరైనా చెప్పారా? లేకపోతే ఆమే వచ్చి ఏడ్చిందా?"

ఇన్నేళ్ళలో నా మాటను సేఠ్ అట్లా తిరగేసి చూడడం అదే మొదటిసారి. ఎదుటివాళ్ళకు ఎట్లా ఉంటుందో తెలిసింది. వాదించలేదు. కంప్యూటర్ ముందుకు రమ్మన్నాను. అతనికి ఇంగ్లిష్ వచ్చు. లాగ్ తెరిచి ఆ రెండు పొద్దుల వరుసల మీద వేలు పెట్టాను, గేటు పుస్తకం పక్కన పెట్టాను, ఊరికి వెళ్ళిన రోజు టికెట్ జేబులోంచి తీసి పెట్టాను. చదివాడు. ఎందుకు విప్పావని అడిగాడు. చెప్పాను. సాంచాల మధ్య పుట్టి పెరిగినవాడు, రెండోసారి అడగలేదు. నుదురు రుద్దుకుని, "పిలువు" అన్నాడు. "పక్క ఖాతాలవాళ్ళకు కూడా నువ్వే వెళ్ళి చెప్పు."

చెప్పాను. రెండు చోట్లా నిలబడి, నావల్ల జరిగిందని చెప్పాను. ఒకచోట నవ్వారు. ఇంకోచోట చూద్దాంలే అన్నారు.

ఆమె ఫోన్ ఎత్తలేదు. ఉధనా వెళ్ళాను. తలుపు ఆమే తీసింది. లోపలికి రమ్మంది కానీ కుర్చీ చూపించడానికి కొంచెం ఆలోచించింది. నిలబడే చెప్పాను.

"విప్పింది నేనే. షిఫ్టు దిగెటప్పుడు విప్పి పోవుడు మా కాయిదా."

"ఊరెళ్తూ విప్పేశారా? ఎవరైనా విప్పుతారా బాబాయి గారూ? మీరు లేనప్పుడే కదా అది ఉండాల్సింది!"

"నువ్వే అంటివి గద, అచ్చం అంతే అని."

"అన్నాను. మీరు కట్టేది చెప్పారు, నేను నవ్వాను. విప్పేది ఉందని నాకేం తెలుసు?"

"నేను చెప్పకపోతి. తప్పు నాదే. సేఠ్‌కు చెప్పిన, పక్కోళ్ళకు చెప్పిన. ఇగ రా."

"ఒక షరతు. పాస్‌వర్డ్ మారుస్తాను. కొత్తది నా దగ్గరా సేఠ్ దగ్గరా ఉంటుంది. మీ దగ్గర ఉండదు."

"నా మీద గంత అనుమానమా?"

"మీ దగ్గరే నేర్చుకున్నాను" అంది. నవ్వలేదు.

ఒప్పుకోకుండా ఏం చేస్తాను?

మర్నాడు వచ్చింది. కొత్త ప్రోగ్రాం తీసేసి, తన పెన్‌డ్రైవ్‌లో దాచి ఉంచిన పాతది వేసింది. హోల్డ్ పెట్టింది. మనిషి ఊరెళ్ళినా, చచ్చినా ఇది ఉండేదే అని నా ముఖం చూసి చెప్పింది. ఆరు సాంచాలకు డిజైన్ పంపాను. ఎరుపు మీద పూలు ఎరుపు మీదే పడ్డాయి. బావ హ్యాండిల్ లాగి, బట్ట మీద చేయి ఆనించి, నాకేసి తల ఊపాడు. పక్క ఖాతాల్లో ఒకటి ఆమెను పిలిచింది. రెండోది ఇంతవరకు పిలవలేదు. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా వాళ్ళ గేటు వైపు చూడకుండా నడుస్తాను.

నేను ఇప్పటికీ పొద్దున కూర్చోగానే మూడో లైన్ కొడతాను. పేరు ఉంటుంది. ఒకరోజు మాత్రం ఊరుకోలేకపోయాను. ఆమె నిజంగా మార్చిందా, నా కంటి ముందు మార్చినట్టు చేసిందా తేల్చుకుందామని విప్పే లైన్ కొట్టి పాత పాస్‌వర్డ్ వేశాను. మూడుసార్లు వేశాను. మూడుసార్లూ కాదంది. సరే అనుకుని టీకి లేచాను.

పది రోజుల తర్వాత ఆమె వచ్చి, ఏదో ఫైలు తెరిచి చదువుకుంటూ నా వైపు తిరగకుండానే అడిగింది.

"బాబాయి గారూ, పోయిన మంగళవారం పదకొండింటికి హోల్డ్ విప్పబోయారా?"

కంప్యూటర్ అదీ రాసిపెట్టుకుంటుందని నాకు తెలియదు.

"ముడి గట్టిగున్నదో లేదో గుంజి చూసిన బిడ్డా" అన్నాను. "గట్టిగనే ఉన్నది."

ఆమె ఫోన్ తీసి ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో నేను అడగలేదు. తను చెప్పనూ లేదు.